నీడకు పని ఉండాలి: కామిక్స్, వీడియో గేమ్‌ల నుంచి వచ్చిన నోయిర్ సినిమాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

కామిక్ పుస్తకాల నుంచీ వీడియో గేమ్‌ల నుంచీ పుట్టిన సినిమాలు అనగానే చాలామందికి ఆకాశంలో ఎగిరే వీరులు గుర్తొస్తారు. అదే గూటి నుంచి వచ్చినా వర్షంలో తడుస్తూ, సిగరెట్ పొగలో, సగం ముఖం చీకట్లో పెట్టుకుని నిలబడే సినిమాలు కొన్ని ఉన్నాయి. వాటి మీద పిచ్చి ఉన్నవాడినని తెలిసి మిత్రులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. జవాబుల్లో సమాచారం ఎంత ఉందో నా ఇష్టాయిష్టాలు కూడా అంతే ఉన్నాయి. కథ గుట్టు విప్పక తప్పని ఒక్క చోట ముందే చెబుతాను.

నోయిర్ అంటే ఏమిటి? చీకటిగా ఉన్న సినిమా అంతా నోయిరేనా?

కాదు. 1940లలో అమెరికాలో వచ్చిన కొన్ని నేర కథాచిత్రాలు యుద్ధం ముగిశాక ఫ్రాన్స్‌కు గుంపుగా చేరాయి. అక్కడి విమర్శకులకు వాటిలో ఏదో కొత్త చేదు కనిపించింది. 1946లో నీనో ఫ్రాంక్ రాసిన వ్యాసంతో ‘నల్ల సినిమా’ అనే అర్థమున్న ఆ ఫ్రెంచ్ మాట వాటికి అంటుకుంది. తీసినవాళ్లకు మాత్రం తాము నోయిర్ తీస్తున్నామని తెలియదు. నాజీల చేతి నుంచి తప్పించుకుని హాలీవుడ్ చేరిన ఫ్రిట్జ్ లాంగ్, బిల్లీ వైల్డర్ లాంటివాళ్లు జర్మన్ సినిమాలోని వంకర గోడలను, పొడవాటి నీడలను ఎంతో కొంత వెంట తెచ్చుకున్నారు. అమెరికాలో వాటికి చవక డిటెక్టివ్ పత్రికల కథలు తోడయ్యాయి.

చూపులో చీకటి కన్నా కథలో చీకటి ముఖ్యం. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, రాజు కేసు చేపట్టారంటే చివరికి హంతకుడు దొరుకుతాడు, మనం నిశ్చింతగా దీపం ఆర్పి పడుకుంటాం. నోయిర్‌లో కూడా హంతకుడు దొరుకుతాడు. కానీ దొరికేసరికి పట్టుకున్నవాడి దగ్గర మిగిలేదేమీ ఉండదు. ఒక్కోసారి హంతకుడు వాడే.

నోయిర్ అనాలా, నువార్ అనాలా?

ఫ్రెంచ్ పలుకుబడికి ‘న్వార్’ దగ్గర. తెలుగులో రెండు రకాలుగానూ రాస్తున్నారు. నేను నోయిర్ అని రాయడానికి అలవాటు తప్ప వేరే కారణం లేదు.

కామిక్స్‌కు, నోయిర్‌కు ఈ చుట్టరికం ఎలా కుదిరింది?

రెండూ చవక కాగితం మీద పెరిగిన పిల్లలు. చెస్టర్ గౌల్డ్ గీసిన డిటెక్టివ్ డిక్ ట్రేసీ 1931లోనే దినపత్రికల్లోకి వచ్చాడు. విల్ ఐస్నర్ ‘ది స్పిరిట్’ 1940 జూన్‌లో ఆదివారం పత్రికల అనుబంధంగా మొదలైంది. వానలో నానే వీధులు, మురుగు కాలువ మూతలు, మెట్ల మీద పడే కటకటాల నీడలు అన్నీ అందులో ఉన్నాయి. నోయిర్ అని పేరు పెట్టకముందే ఐస్నర్ ఆ పని చేస్తున్నాడు.

దీని వెనుక పొదుపు కూడా ఉంది. సినిమాలో లైట్లు తగ్గిస్తే సెట్టు ఖర్చు తగ్గుతుంది, కట్టని గోడ చీకట్లో ఎవరికీ కనిపించదు. కామిక్స్‌లో ఒక మూలంతా సిరాతో నింపేస్తే ఆ మూలలోని కుర్చీలు, బల్లలు గీసే బాధ తప్పుతుంది. ఇద్దరూ లోటును కప్పుకోవడానికి మొదలుపెట్టిన పనే తర్వాత అందమైపోయింది.

ఏ సినిమాతో మొదలుపెట్టమంటారు?

2005లో వచ్చిన ‘సిన్ సిటీ’. నచ్చకపోయినా సరే, మొదట అదే చూడండి. ఆ తర్వాత వచ్చినవాటిని దేనితో పోల్చాలో తెలుస్తుంది.

‘సిన్ సిటీ’ని ఎలా తీశారు? అది కార్టూనా, సినిమానా?

మనుషులు నిజం, ఊరు అబద్ధం. ఫ్రాంక్ మిల్లర్ 1991లో డార్క్ హార్స్ సంస్థ ద్వారా మొదలుపెట్టిన కామిక్ ఇది. మిల్లర్ బొమ్మల్లో బూడిద రంగు దాదాపు ఉండదు. నలుపు, తెలుపు, మధ్యలో ఏమీ లేదు. వర్షాన్ని కూడా నల్ల కాగితం మీద గాజు ముక్కలు గుచ్చినట్టు తెల్ల గీతలతో గీస్తాడు. హాలీవుడ్‌లో స్క్రిప్టులు రాసి చేతులు కాల్చుకున్న మిల్లర్ తన పుస్తకాన్ని సినిమావాళ్లకు ఇవ్వకూడదని గట్టిగా ఉన్నాడు.

దర్శకుడు రాబర్ట్ రోడ్రిగేజ్ అతన్ని మాటలతో ఒప్పించే ప్రయత్నం చేయలేదు. 2004 ఆరంభంలో మిల్లర్‌నే టెక్సస్‌లోని ఆస్టిన్‌కు పిలిచి, జాష్ హార్ట్‌నెట్, మార్లీ షెల్టన్‌లతో ఒక చిన్న కథను ఒక్క రోజులో తీసి చూపించాడు. నచ్చితే సినిమా చేద్దాం, నచ్చకపోతే ఈ ముక్క నీ దగ్గరే ఉంచుకో అన్న ధోరణి. మిల్లర్ కరిగాడు. సినిమా మొదట్లో మేడ మీద ఎర్ర గౌను అమ్మాయి కనిపించే సన్నివేశం ఆ రోజు తీసిన ముక్కే.

తర్వాత రోడ్రిగేజ్ మిల్లర్ పేరును సహదర్శకుడిగా వేయాలనుకున్నాడు. అమెరికా దర్శకుల సంఘం నిబంధనలు ఒప్పుకోలేదు. సంఘానికే రాజీనామా చేసేశాడు. ఆ దెబ్బకు పారమౌంట్ సంస్థలో చేతికి వచ్చిన ఒక భారీ సినిమా పోయింది. ‘సిన్ సిటీ’ గురించి ఎన్ని సాంకేతిక విశేషాలు చెప్పుకున్నా, నాకు అన్నిటికన్నా ఇష్టమైన విశేషం ఇదే.

ఇక చిత్రీకరణ. దాదాపు మొత్తం గ్రీన్ మ్యాట్ (తర్వాత కంప్యూటర్‌తో నేపథ్యం నింపే ఆకుపచ్చ తెర) ముందు, డిజిటల్ కెమెరాలతో జరిగింది. చేత్తో కట్టిన సెట్లు మూడే: కేడీ బార్, షెల్లీ ఇల్లు, చివర్లో వచ్చే ఆసుపత్రి. మిగిలిన ఊరంతా కంప్యూటర్‌లో గీసినదే. నటులు కూడా ఎవరికి కుదిరినప్పుడు వాళ్లు వచ్చి నటించి వెళ్లారు. మికీ రూర్క్, ఎలైజా వుడ్ తెర మీద ఒకరినొకరు చితకబాదుకుంటారు గానీ చిత్రీకరణలో ఆ ఇద్దరూ కలవనే లేదు. మూడు కథల గ్రాఫిక్స్‌ను మూడు వేర్వేరు సంస్థలకు పంచారు. నిర్మాణ వ్యయం సుమారు 4 కోట్ల డాలర్లు, ప్రపంచవ్యాప్త వసూళ్లు దాదాపు 15.8 కోట్లు. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో దృశ్య రూపకల్పనకు సాంకేతిక బహుమతి కూడా వచ్చింది.

క్వెంటిన్ టరంటీనో ఒక సన్నివేశానికి అతిథి దర్శకుడు. చనిపోయినవాడితో కారులో మాట్లాడుతూ వెళ్లే సన్నివేశం అతనిది. పారితోషికం ఒక డాలరు. అంతకుముందు అతని సినిమాకు రోడ్రిగేజ్ ఒక్క డాలరుకే సంగీతం చేసిపెట్టాడు మరి.

రంగులు అక్కడక్కడే ఎందుకు మెరుస్తాయి? రక్తం తెల్లగా ఎందుకు ఉంది?

సినిమాను మొదట మామూలు రంగుల్లోనే తీశారు. తర్వాత కంప్యూటర్‌లో రంగు పిండేసి, కావలసిన చోట మాత్రమే మిగిల్చారు. పెదవులు, గౌను, కారు, కళ్లు. పుస్తకంలో రక్తం తెల్లగానే ఉంటుంది. నల్ల కాగితం మీద నల్ల రక్తం కనిపించదు కాబట్టి మిల్లర్‌కు వేరే దారి లేదు. సినిమాలో ఆ తెలుపు కోసం మెరిసే ద్రవాన్ని ప్రత్యేకమైన అతినీలలోహిత దీపాల కింద చిత్రీకరించి, తర్వాత తెల్లగా మార్చారు.

పసుపు రంగు దుర్మార్గుడి కథ తమాషాగా ఉంటుంది. ఆ వేషం వేసిన నిక్ స్టాల్‌కు నిజంగా పసుపు రంగే పూస్తే ఆకుపచ్చ తెర ప్రభావం ఆ పసుపులో కలిసిపోయి గ్రాఫిక్స్‌వాళ్లకు విడదీయడం కష్టం. అందుకని ఒంటినిండా నీలం పూసి తీశారు. నీలాన్ని తర్వాత పసుపుగా మార్చారు. సెట్టులో నీలి మనిషి, తెర మీద పచ్చి పసుపు మనిషి.

పుస్తకంలోని బొమ్మను ఉన్నది ఉన్నట్టు తెర మీదకు తెస్తే అది మంచి అనుసరణ అవుతుందా?

అభిమానులతో నేను ఎక్కువగా గొడవపడేది ఇక్కడే. పుస్తకంలో ఒక ప్యానెల్ (పేజీలో గడి కట్టి గీసిన ఒక బొమ్మ) ముందు మీరు అర నిమిషం ఆగవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, పేజీ మొత్తాన్ని ఒక్క చూపులో చూడవచ్చు. ఒక పేజీలో రెండు పెద్ద బొమ్మలు ఉన్నాయా, తొమ్మిది చిన్న గళ్లు ఉన్నాయా అన్నదే కామిక్స్‌లో లయ. సినిమాలో తెర సైజు మారదు, గడియారం దర్శకుడి చేతిలో ఉంటుంది. కాబట్టి బొమ్మను దించడం సులువు, లయను దించడం కష్టం.

‘సిన్ సిటీ’ గట్టెక్కింది దేనివల్ల? అక్కడ నీడకు పని ఉంది. మార్వ్ అనే మొరటు మనిషికి ప్రపంచం నిజంగానే అలా కనిపిస్తుంది: నాకు మంచి చేసినవాళ్లు, చేయనివాళ్లు. మధ్యలో బూడిద రంగు లేదు. అతని బుర్రలో లేని రంగు తెర మీదా లేదు. అయినా రెండు గంటలు దాటేసరికి అందరూ ఒకే గొంతుతో, ఒకే బరువైన మాటలు తమలో తాము చెప్పుకుంటుంటే నాకు కొంచెం విసుగొస్తుంది. చదివేటప్పుడు ఆ గొంతు మనదే. వినేటప్పుడు కాదు.

మరి అదే మిల్లర్ ఒంటరిగా తీసిన ‘ది స్పిరిట్’ ఎందుకు తేలిపోయింది?

2008 క్రిస్మస్ నాడు వచ్చింది. మిల్లర్‌కు ఐస్నర్ గురుతుల్యుడు. భక్తి ఉంది, అదే గ్రీన్ మ్యాట్ పద్ధతి ఉంది, నల్లని ఊరి మీద ఎర్రటి టై రెపరెపలాడే అందమూ ఉంది. లేనిది ఐస్నర్. ఆయన స్పిరిట్ దెబ్బలు తినే, నవ్వే, అమ్మాయిల ముందు తడబడే మానవమాత్రుడు. ఆ ఊళ్లో చిన్న ఉద్యోగులూ పిల్లలూ కూడా కథానాయకులవుతారు. మిల్లర్ ఆ మెత్తని మనిషికి ‘సిన్ సిటీ’ కోటు తొడిగాడు. కోటు వదులైంది. సుమారు 6 కోట్ల డాలర్లతో తీస్తే 4 కోట్లు కూడా తిరిగి రాలేదు.

‘సిన్ సిటీ’ రెండో భాగం చూడాలా?

2014లో వచ్చింది, తొమ్మిదేళ్లు ఆలస్యంగా, త్రీడీలో. ఈవా గ్రీన్ కోసం చూడవచ్చు.

వీడియో గేమ్‌ల సంగతి చెప్పండి. ‘మ్యాక్స్ పేన్’ సినిమాను అందరూ ఎందుకు తిడతారు?

తిట్టేవాళ్లలో నేనూ ఉన్నాను, కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ సినిమాకు మూలమైన ఆటను నేను కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఒక నెట్ సెంటర్‌లో, గంటల లెక్కన డబ్బు కట్టి ఆడాను. ఆ మమకారం జవాబులో కలిసే ఉంటుంది.

ఫిన్లాండ్‌కు చెందిన రెమెడీ సంస్థ 2001లో విడుదల చేసిన ఆట ఇది. భార్యాబిడ్డలను పోగొట్టుకున్న న్యూయార్క్ పోలీసు ఒకడు మంచు తుఫాను రాత్రుల్లో నగరమంతా తుపాకీ పట్టుకుని తిరుగుతాడు. కథ చెప్పడానికి యానిమేషన్ దృశ్యాలకు బదులు కామిక్ ప్యానెళ్లు వాడారు. సంస్థలోని మనుషులనూ తెలిసినవాళ్లనూ నిలబెట్టి ఫొటోలు తీసి, నీటిరంగుల బొమ్మల్లా మార్చారు. హీరో ముఖం రచయిత శామ్ లేక్‌దే. నొప్పి పుట్టినట్టు ముడుచుకున్న ఆ మొహం ఆట ఆడినవాళ్లు మరచిపోరు. దాని మీద జేమ్స్ మెకాఫ్రీ గొంతు: అలసిన, తనను తానే ఎగతాళి చేసుకునే గొంతు. మత్తుమందు ఎక్కించిన ఒక పీడకలలో మ్యాక్స్‌కు తాను కామిక్ పుస్తకంలో ఉన్నానని, ఇంకాస్త ముందుకు వెళితే కంప్యూటర్ ఆటలో ఉన్నానని అనుమానం వస్తుంది. నోయిర్‌ను ప్రేమిస్తూనే నోయిర్‌ను చూసి నవ్వుకున్న ఆట అది.

2008 అక్టోబరులో జాన్ మూర్ దర్శకత్వంలో, మార్క్ వాల్‌బర్గ్ హీరోగా సినిమా వచ్చింది. చూడటానికి బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. బూడిద కురిసినట్టు మంచు, కాటుక పూసినట్టు గోడలు. ఒక చోట సెకనుకు వెయ్యి ఫ్రేములు తీసే కెమెరా వాడారు. కానీ ఆట నుంచి మంచును తెచ్చుకుని గొంతును వదిలేశారు. నవ్వును అసలే వదిలేశారు. ఆటలో నార్స్ (పాత స్కాండినేవియా) పురాణాల పేర్లు సంకేతాలుగా మాత్రమే ఉంటాయి. సినిమాలో మత్తెక్కినవాళ్ల కళ్లకు నిజంగా రెక్కల భూతాలు కనిపిస్తాయి. ట్రైలర్ చూసి దయ్యాల సినిమా అనుకుని వెళ్లిన స్నేహితుడు నాకు ఒకడున్నాడు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. ఆటలో కాలాన్ని నెమ్మది చేసేది మీరు. బుల్లెట్ టైమ్ అనే ఆ సదుపాయం కొలత పెట్టి ఇచ్చిన మందు లాంటిది. ఇప్పుడు వాడేస్తే తర్వాతి గదిలో ఉండదు. చావు తప్పించుకోవడానికి మీరు చేసే లెక్క అది. అదే సినిమాలోకి వస్తే వట్టి స్లో మోషన్. మన ప్రేక్షకుడికి స్లో మోషన్ కొత్తా చెప్పండి?

అయినా మొదటి వారాంతంలో అమెరికాలో వసూళ్లలో అదే మొదటి స్థానంలో నిలిచింది. పైన చెప్పిన మెకాఫ్రీ సినిమాలో ఒక చిన్న ఎఫ్‌బీఐ అధికారి వేషంలో కనిపిస్తాడు. గొంతును ఇంటికి పిలిచి గుమ్మం దగ్గర కూర్చోబెట్టినట్టుంది.

ఆట ఆడకుండా ఆ సినిమా చూస్తే?

బహుశా మీకు నాకన్నా బాగా నచ్చుతుంది.

గేమ్‌ల నుంచి వచ్చిన మంచి నోయిర్ ఒక్కటైనా లేదా?

నవ్వకండి: పోకెమాన్ ఆటల నుంచి 2019లో వచ్చిన ‘డిటెక్టివ్ పికాచు’. పిల్లల సినిమానే. అయినా తప్పిపోయిన తండ్రి, జ్ఞాపకం పోగొట్టుకున్న డిటెక్టివ్, వాన తడికి నియాన్ దీపాలు ప్రతిఫలించే వీధులు, మర్యాదస్తుడిలా కనిపించే ధనవంతుడు... నోయిర్ సామానంతా ఉంది. అంతా డిజిటల్ అయిపోయిన కాలంలో ఛాయాగ్రాహకుడు జాన్ మాథీసన్ దాన్ని ఫిల్మ్ మీద తీశాడు. బొచ్చు బొమ్మలు నిజమైన వీధిలో నిజమైన వెలుతురులో నిలబడినట్టు అనిపించడానికి అదొక కారణం. పసుపు రంగు బొచ్చు జంతువు పికాచుకు డిటెక్టివ్ టోపీ పెట్టడం హాస్యమే. కానీ ఆ హాస్యం కింద కథ నోయిర్ నియమాన్ని పాటిస్తుంది: వెతికేవాడు చివరికి తన ఇంటి గుట్టునే తవ్వుకుంటాడు.

రంగుల్లో నోయిర్ సాధ్యమేనా?

సాధ్యమే. 1990లో వారెన్ బేటీ తీసిన ‘డిక్ ట్రేసీ’ చూడండి. పాత పత్రికల అచ్చులో దొరికే రంగులు కొన్నే కాబట్టి సినిమాను ఏడు రంగులకు కుదించారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు ముఖ్యం. ఒక్కో రంగు సినిమా అంతటా ఒకే ఛాయలో ఉండాలి, ముదురు లేత తేడాలు కుదరవు. కోటు పసుపు, రాత్రి నీలం. ఛాయాగ్రాహకుడు విట్టోరియో స్టొరారో. దూరపు నగరమంతా చేత్తో గీసిన చిత్రాలే. కళ, మేకప్, పాట విభాగాల్లో మూడు ఆస్కార్లు వచ్చాయి. కథ పలచన, అందులో సందేహం లేదు. కానీ ‘సిన్ సిటీ’కి పదిహేనేళ్ల ముందే, కంప్యూటర్ సాయం లేకుండా, కామిక్ అచ్చు ఎలా ఉంటుందో తెర మీద ఆలోచించిన సినిమా ఇది. దీనికి రావలసిన పేరు రాలేదని నా బాధ.

పగటి వెలుతురులో కూడా నోయిర్ ఉంటుంది. 2005 కాన్ పోటీలో ‘సిన్ సిటీ’తో పాటే డేవిడ్ క్రోనెన్‌బర్గ్ ‘ఎ హిస్టరీ ఆఫ్ వయొలెన్స్’ కూడా ఉంది. అదీ గ్రాఫిక్ నవల (బొమ్మల్లో చెప్పిన నవల) నుంచి వచ్చినదే. చిన్న ఊరు, కాఫీ హోటలు, ఎండ. ఆ ఎండలో నిలబడ్డ మంచి మనిషి గతం మెల్లగా బయటపడుతుంది. పక్కపక్కనే పెట్టి చూస్తే నోయిర్ లైట్లలో ఉందా, మనిషిలో ఉందా అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

బ్యాట్‌మన్ సినిమాలు ఈ లెక్కలోకి వస్తాయా?

కొన్ని వస్తాయి. 1989లో టిమ్ బర్టన్ సినిమాకు ఆంటన్ ఫర్స్ట్ కట్టిన గోథమ్ నగరం ఆస్కార్ తెచ్చింది. 1992లో మొదలైన యానిమేషన్ సీరియల్‌లో నేపథ్యాలను తెల్ల కాగితం మీద కాకుండా నల్ల కాగితం మీద వేశారు. చీకటిని పూయడం మాని వెలుతురును పూశారన్నమాట. చిన్న మార్పే, ఫలితం మాత్రం ఇప్పటికీ కొత్తగా ఉంటుంది. 2022లో మాట్ రీవ్స్ తీసిన ‘ది బ్యాట్‌మన్’ ఈ అందరిలో నిజమైన డిటెక్టివ్ కథ. గ్రెగ్ ఫ్రేజర్ ఛాయాగ్రహణంలో ఎరుపు, నారింజ, నలుపు తప్ప మరేమీ గుర్తుండదు. ఒక గంట తగ్గించి ఉంటే ఇంకా మెచ్చుకునేవాణ్ణి.

‘ది క్రో’?

1994. జేమ్స్ ఓ’బార్ కామిక్, అలెక్స్ ప్రోయాస్ దర్శకత్వం. ప్రతీకారం కోసం సమాధి నుంచి లేచిన సంగీతకారుడి కథ. వర్తమానంలో రంగు పిండేసినట్టు ఉంటుంది, పాత జ్ఞాపకాల్లో మాత్రం వెచ్చదనం ఉంటుంది. చిత్రీకరణలో తుపాకీ ప్రమాదం జరిగి హీరో బ్రాండన్ లీ 1993 మార్చి 31న చనిపోయాడు. మిగిలిన సన్నివేశాలను డూపుతోనూ, కంప్యూటర్‌తో ముఖం అతికించీ పూర్తి చేశారు. అది తెలిసి చూడటం ఒక రకం, తెలియక చూడటం మరో రకం.

రంగుల సినిమాను నలుపు తెలుపులోకి మార్చి విడుదల చేస్తున్నారు కదా, అది నోయిర్ అవుతుందా?

2017లో కామిక్ వీరుడు వుల్వరీన్ కథ ‘లోగన్’ను అలా మార్చి ‘లోగన్ నోయిర్’ అన్నారు. అది బాగానే కుదిరింది, ఎందుకంటే ఆ సినిమా ముసలితనం గురించి, ముడతల గురించి. అయితే టీవీలో రంగు సున్నాకు తిప్పేస్తే చాలదు. ఎరుపు పక్కన ఆకుపచ్చ రంగుల్లో ఎంతో తేడాగా కనిపిస్తుంది. రంగు తీసేస్తే రెండూ ఒకే బూడిదగా మారి కలిసిపోవచ్చు. నలుపు తెలుపు కోసం తీసేవాళ్లు చీర రంగు, గోడ రంగు కూడా అవి ఎంత బూడిదగా మారతాయో ఊహించి ఎంచుకుంటారు. మార్పు వెర్షన్లకు మళ్లీ షాటు షాటుకూ కలర్ గ్రేడింగ్ (వెలుగునూ ఛాయలనూ సరిదిద్దడం) చేయక తప్పదు.

ఈ విషయంపై ఉత్తమమైన జోకు 2018 నాటి ‘స్పైడర్ వర్స్’ యానిమేషన్ సినిమాలో ఉంది. నికొలస్ కేజ్ గొంతు ఇచ్చిన నోయిర్ స్పైడర్‌మన్ రంగులే లేని లోకం నుంచి వస్తాడు. రూబిక్ క్యూబ్ చేతికిస్తే తెల్లబోతాడు.

మన పాత నలుపు తెలుపు సినిమాలతో దీనికి సంబంధం ఉందా?

నేరుగా లేదు. కానీ పోల్చి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. 1957 నాటి ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే పట్టిన వెన్నెల గుర్తు చేసుకోండి. అక్కడ నలుపుకూ తెలుపుకూ మధ్య వందరకాల బూడిదలు ఉన్నాయి, వెలుతురు మెత్తగా పాకుతుంది. నోయిర్‌లో వెలుతురు కత్తిలా తెగుతుంది. పరికరాలు ఒకటే, ఉద్దేశం వేరు.

ఈ సినిమాల్లో ఆడవాళ్ల పాత్రలు అలా ఎందుకు ఉంటాయి?

మగవాణ్ణి ముంచే మాయలాడి నోయిర్ పుట్టినప్పటి నుంచీ ఉంది. 1940లలో ఆ పాత్రకు పదునైన తెలివి, సొంత లెక్క ఉండేవి. కామిక్స్ చేతిలో పడ్డాక చాలాసార్లు ఆకారమే మిగిలింది. ‘సిన్ సిటీ’ మీద ఈ విమర్శ మొదటి నుంచీ ఉంది, అది న్యాయమైనదే. అందులోని వేశ్యల పేటను ఆ ఆడవాళ్లే ఏలుకుంటారు అన్న సమాధానం నాకు పూర్తిగా సరిపోదు. కెమెరా వాళ్లను ఎలా చూస్తుందో కూడా లెక్కలోకి రావాలి కదా.

పిల్లలతో కలిసి చూడవచ్చా?

పికాచు, ‘డిక్ ట్రేసీ’, ‘స్పైడర్ వర్స్’ ఫర్వాలేదు. ‘సిన్ సిటీ’ దగ్గరకు కూడా రానివ్వకండి.

ఫోనులో చూస్తే సరిపోతుందా?

ఎండలో ఫోను పట్టుకుని చూస్తే మీకు కనిపించేది మీ ముఖమే. రాత్రి, గదిలో దీపాలు ఆర్పి, టీవీలో చూడండి. టీవీలో కదలికలను నున్నగా చేసే సదుపాయం ఒకటి ఉంటుంది, దాన్ని ఆపేయండి. అది ఉంటే ఏ సినిమా అయినా సీరియల్‌లా కనిపిస్తుంది. బ్రైట్‌నెస్ పెంచితే నలుపు కాస్తా బూడిద అవుతుంది. నెట్ నెమ్మదిగా ఉంటే చీకటి భాగాలు మెట్లు మెట్లుగా, గళ్లు గళ్లుగా విడిపోతాయి. ఇలాంటి సినిమాలకు డౌన్‌లోడ్ చేసుకుని చూడటమే మేలు, వీలైతే బ్లూ-రే.

ఒక్క సన్నివేశం మాత్రమే చూపించమంటే ఏది చూపిస్తారు?

2002లో శామ్ మెండిస్ తీసిన ‘రోడ్ టు పెర్డిషన్’లో వాన సన్నివేశం. కథ గుట్టు ఇక్కడ విప్పక తప్పదు, సినిమా చూడనివాళ్లు ఇక్కడితో ఆపేయండి.

మాక్స్ అలన్ కాలిన్స్ రాసి, రిచర్డ్ పియర్స్ రేనర్ గీసిన 1998 నాటి గ్రాఫిక్ నవల దీనికి మూలం. దానికి ప్రేరణ కొడుకును వెంటబెట్టుకుని తిరిగే సమురాయ్ కథ, ఒక జపాన్ కామిక్. సినిమా పుస్తకంలోని ప్యానెళ్లను దించలేదు. చాలా మార్చింది, జూడ్ లా వేసిన ఫొటోలు తీసే హంతకుడి పాత్రను కొత్తగా పుట్టించింది. 1931 శీతకాలం. టామ్ హ్యాంక్స్ ఒక ముఠా నాయకుడి దగ్గర హంతకుడు. ఆ నాయకుడు పాల్ న్యూమన్, అతన్ని కన్నకొడుకులా పెంచినవాడు. ఇప్పుడు ఇతనే అతన్ని చంపాలి.

రాత్రి, వాన. న్యూమన్ తన మనుషులతో కారు దగ్గరకు వస్తాడు. డ్రైవరు చనిపోయి ఉంటాడు. వీధి చివర చీకట్లో తుపాకీ మెరుపులు మాత్రం కనిపిస్తాయి, చప్పుడు వినిపించదు. థామస్ న్యూమన్ సంగీతం ఒక్కటే. గొడుగులు, మనుషులు ఒకరి తర్వాత ఒకరు నేలకు ఒరుగుతారు. ముసలాయన వెనక్కి తిరిగి చూడడు. వచ్చినది ఎవరో ఆయనకు తెలుసు. అప్పుడు చీకట్లోంచి హ్యాంక్స్ నడుచుకుంటూ వస్తాడు, వాన చప్పుడు తిరిగి వస్తుంది. వచ్చినవాడు నువ్వే అయినందుకు సంతోషం అన్న అర్థంలో ముసలాయన ఒక్క మాట అంటాడు. ఈసారి తుపాకీ చప్పుడు మనకు వినిపిస్తుంది.

ఆ వెలుతురు పట్టిన కాన్రాడ్ హాల్ 2003 జనవరిలో కన్నుమూశాడు. మార్చిలో ఆస్కార్ వచ్చింది.